బాబాయి చూడని చివరి పేజీ

మా బాబాయి కట్టుడు పళ్ళు చేస్తాడు. మా చుట్టుపక్కల సగం మంది ముసలివాళ్ళ నవ్వు ఆయన చేతి పనే. సొంత నవ్వు మాత్రం మహా పొదుపు. ఆయన కూడబెట్టిన ఇంకో వస్తువు విమానం మైళ్ళు.

అలాగని విమానం ఎక్కిన మనిషి కాదు. ఆరేళ్ళ కిందట బ్యాంకువాడొకడు కార్డు అంటగట్టి, దీనితో ఏం కొన్నా మైళ్ళు పడతాయి, అవి పోగైతే టికెట్ ఉచితం అన్నాడు. అంతే. ప్లాస్టర్ బస్తాలు, మైనం, పిన్ని చెప్పులు, నా పరీక్ష ఫీజు, అన్నీ ఆ కార్డు మీదే. పదిమందిమి హోటల్‌కి వెళ్తే, "నోట్లు నాకివ్వండి, కార్డు నేను గీకుతా" అని పక్క బల్లవాళ్ళ బిల్లు కూడా లాక్కునేవాడు. అందుకే ఆయనకి మైళ్ళ మాస్టారని పేరు పెట్టాను. పేరు బాగా అతుక్కుంది, ఆయన పళ్ళకంటే గట్టిగా.

ఆ మైళ్ళన్నీ సముద్రం అవతల ఉన్న వాళ్ళ అక్క కోసం. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. పదకొండేళ్ళయింది చూసి. ఇప్పుడావిడ గొంతులో గడ్డ. గురువారం ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఆ తర్వాత మాట రాదు. ఇప్పటికే డాక్టరు మాట్లాడొద్దన్నాడట, ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెట్టింది: "నీకోసం నాలుగు మాటలు దాచిపెట్టాను. బుధవారానికల్లా రా. మరదల్ని కూడా తీసుకురా."

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. బల్ల మీద ఎవరివో నాలుగు జతల పళ్ళు మమ్మల్ని చూసి ఇకిలిస్తున్నాయి. వీసాలు ముందే తెచ్చి పెట్టుకున్నారు. మంగళవారం బయల్దేరే విమానం, నేరుగా వెళ్ళేది, రెండే సీట్లున్నాయి.

"లే, నేను నొక్కుతా. నాకు కొత్తేం కాదు" అని బాబాయి నన్ను కుర్చీలోంచి లేపేశాడు.

కొత్త కాదు నిజమే. ఆయన పనిలో పళ్ళను ముందు మైనంలో గుచ్చి, మనిషి నోట్లో పెట్టి చూసి, తీసేస్తారు. సరిపోతేనే గట్టిగా పోత పోస్తారు. దాన్ని ట్రయల్ అంటారు. టికెట్‌కి కూడా రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ట్రయలే. విమానం ఎంచుకుంటాడు, సీట్లు ఎంచుకుంటాడు, పేర్లు కొడతాడు, ఆఖరి బటన్ దగ్గరికి రాగానే వేడి పెనం తాకినట్టు చెయ్యి లాగేసుకుంటాడు. "అది నొక్కితే గట్టిపడిపోతుందిరా!"

ఇవాళ నొక్కాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడని పేజీ తెరుచుకుంది.

మైళ్ళు సరిపోయాయి. వాటి కింద ఇంకో వరస ఉంది. పన్నులు, ఫీజులు, ఇంధన సర్‌చార్జీ. ఇద్దరికీ కలిపితే ల్యాబ్ మూడు నెలల అద్దె. తెర మూలన గడియారం పదిహేను నిమిషాలతో మొదలై వెనక్కి లెక్కపెడుతోంది, ఈలోగా కట్టకపోతే సీట్లు పోతాయి.

"ఇదేంట్రా?"

"డబ్బులు బాబాయ్."

"ఉచితమన్నాడుగా!"

"టికెట్ ఉచితమే. ఇది వేరే. మైళ్ళతో పోదట."

"పళ్ళు ఊరికే ఇచ్చి నమలడానికి డబ్బులడిగినట్టుంది" అంది పిన్ని.

ఎవరం నవ్వలేదు. బాబాయి కార్డు తీసి రెండు వైపులా చూశాడు, వెనకాల ఏమైనా మిగిలుందేమో అన్నట్టు. అందులో ఇంకా వాడుకోగలిగింది ఒక మనిషి సర్‌చార్జీకి సరిపోతుంది. రెండో మనిషికి చాలదు. అప్పు కోసం ఇద్దరికి ఫోన్ చేశాడు. ఒకడు ఎత్తలేదు, ఇంకొకడు ఎత్తి తన పన్ను నొప్పి చెప్పుకున్నాడు.

తొమ్మిది నిమిషాలు.

నా ఫోన్‌లో వెతికాను. "బాబాయ్, ఇదే మైళ్ళతో, వీళ్ళతో పొత్తున్న ఇంకో కంపెనీ విమానం దొరుకుతోంది. వాళ్ళు సర్‌చార్జీ వెయ్యరు. ఉత్త పన్నులే. ఇద్దరూ వెళ్ళొచ్చు."

"మరి చెప్పవేం గాడిదా!"

"రెండు చోట్ల మారాలి. దిగేది గురువారం పొద్దున ఐదింటికి."

ఆపరేషన్ ఎనిమిదింటికి. దిగిన చోటి నుంచి ఆసుపత్రికి గంటన్నర. మొదటి విమానం కాస్త ఆలస్యమైతే మిగతావి అందవు. బాబాయి వేళ్ళ మీద లెక్కపెట్టాడు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నుదుటి మీద చెమట ప్లాస్టర్ పొడిలో గీతలు గీసింది.

"ఆ మధ్యలోవి అంత ఆలస్యం అవుతాయంటావా?"

నాకేం తెలుసు? మామూలుగా అయితే ఏదో ఒక జోకు వేసి ఏడిపించేవాణ్ణి. అప్పుడు ఫోన్ ఆయన ముందు పెట్టేశాను.

"మీరొక్కరే వెళ్ళండి" అంది పిన్ని. "నేరుగా పోయేదాంట్లో."

"నిన్ను కూడా రమ్మందే!"

"రమ్మంటుంది. నన్ను తీసుకెళ్ళడానికి పోయి, ఆవిడ నోరు మూతపడ్డాక చేరతారా? అప్పుడు నా మొహం చూస్తారా జన్మలో?"

"ఒక్కణ్ణీ... బెల్టు ఎలా పెట్టుకోవాలో కూడా తెలీదే నాకు!"

"ఊరందరికీ పళ్ళు పెడతారు, బెల్టు పెట్టుకోలేరా? రెండో పేరు తీసెయ్యరా" అంది నాతో.

తీసేశాను. రెండు నిమిషాలుంది. బాబాయి బటన్ మీద వేలు పెట్టి, పిన్ని వైపు చూసి, కళ్ళు మూసుకుని నొక్కాడు. టికెట్ వచ్చింది. కళ్ళు మాత్రం చాలాసేపు తెరవలేదు.

బుధవారం మేమిద్దరం ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. విమానం దిగాల్సిన టైము దాటింది. గంట, రెండు గంటలు. పిన్ని ఒకే గ్లాసు మూడుసార్లు కడిగింది. మోగగానే ఇద్దరం ఒకేసారి అందుకున్నాం.

"చేరానే" అన్నాడు బాబాయి. "అక్క ఎదురుగానే ఉంది. నన్ను చూసి ఏమీ అనలేదు. తలుపు వైపే చూస్తోంది. నువ్వు రాలేదని..."

వెనకాల ఏదో గీసుకున్నట్టు, గరగరమని ఒక గొంతు.

"దాన్ని... వదిలేసొచ్చావేంట్రా... సన్నాసీ."

"అక్కా, మాట్లాడకు. డాక్టరు..."

"నోర్ముయ్."

పిన్ని ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది. బుగ్గల మీదుగా కారుతున్నవి తుడుచుకోలేదు.

"ఏమండీ, ఫోన్ పెట్టెయ్యకండి" అంది. "వదిన్ని ఇంకాస్త తిట్టనివ్వండి."