కిరాయి విమానంలో ఉపవాసం

నేను తాండూరు మసీదులో నమాజు చదివించే పనికి వచ్చింది పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో. మోమిన్‌పేట్ దగ్గరి పల్లె మాది. వికారాబాద్ మదర్సాలో చదువు ముగించి, దైవగ్రంథం మొత్తం కంఠస్థం చేసినా, గడ్డం ఇంకా నిండుగా రాని వయసు. ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మసీదును ఆనుకొని ఉన్న గది ఇచ్చారు. పెళ్లి మాటలు ఒకటి రెండుసార్లు వచ్చి పోయాయి. ఆ తరువాత ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇమాం పని ఒంటరి పని. జమాత్‌లో, అంటే కలిసి చేసే నమాజులో, అందరూ భుజానికి భుజం ఆనించి నిలబడతారు. ఇమాం మాత్రం ముందు ఒక్కడే నిలబడాలి, అందరికీ వీపు చూపించి. వెనక ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో దగ్గును బట్టి, మోకాళ్ల చప్పుడును బట్టి తెలుసుకుంటాడు. సరిగ్గా నా వెనక వినిపించే దగ్గు ఒకటుండేది. నాపరాతి దుమ్ము పట్టిన ఛాతీ దగ్గు. ఆ మనిషి చిన్నప్పుడు గనిలో ఉలి పట్టాడు. కొడుకు చేతికి అందివచ్చాక అదే గని వాళ్లదయింది, బండలు పాలిష్ పట్టే మిషన్లు వచ్చాయి, కారు వచ్చింది. కొడుకును ఊరంతా సేఠ్ అనేది. నేను ఆ పెద్దాయనను చాచా అనేవాణ్ని. రంజాన్ నెలలో సాయంత్రం ఇంట్లో అంతమంది ఉండగా కూడా ఆయన వచ్చి నా చాప మీదే ఉపవాసం విడిచేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, అడిగితే మానేస్తాడేమోనని.

ఎనభైల మధ్యలో రంజాన్ మండుటెండల్లో వచ్చింది. ఆ ఏడు చాచా గుండె చెడిపోయింది. ఉపవాసం మాట ఎత్తొద్దనీ, వేళకు తినాలనీ, వేళకు మాత్రలు వేసుకోవాలనీ డాక్టర్లు గట్టిగా చెప్పారు. బొంబాయిలో ఆపరేషన్ కుదిరింది. చేయాల్సిన డాక్టరు విదేశం పోతున్నాడని, మరునాడు పొద్దున్నే చేయాలని కబురు వచ్చింది. రాత్రంతా రైల్లో కుదుపులు పనికిరావు. మామూలు విమానంలో చోటు దొరకలేదు. సేఠ్ ఎవరెవరికో ఫోన్లు చేసి, హైదరాబాద్‌లో ఒక చిన్న జెట్ విమానాన్నే కిరాయికి మాట్లాడాడు. మౌల్సాబ్, అంటే నేను, తోడు రాకుంటే కదలనని చాచా పట్టుబట్టాడట. ఆ రాత్రి ప్రత్యేక నమాజు చదివించడానికి ఇంకొకరికి అప్పగించి నేను కారెక్కాను.

వికారాబాద్‌లో కారు ఆపి సేఠ్ తండ్రికి పళ్లరసం తెప్పించాడు. ఆయన గ్లాసు పట్టుకొని మెల్లగా తాగుతానన్నాడు. మేము టైరు చూడడానికి దిగి మళ్లీ ఎక్కేసరికి గ్లాసు ఖాళీగా ఉంది. కిటికీ కింద నేల తడిసి ఉండడం నేను చూశాను. ఒలికిందేమో అనుకున్నాను.

విమానం మా ఊరి బస్సు కన్నా ఇరుకు. ఎదురెదురుగా మెత్తటి సీట్లు, తెర అవతల నడిపేవాళ్లు ఇద్దరు. పైకి లేచాక చాచా చుట్టూ చూసి, “నయముంది. కండక్టర్ లేడు, చిల్లర పంచాయితి లేదు” అన్నాడు. సేఠ్ నవ్వాడు. ఆ రోజు అతను నవ్వింది ఆ ఒక్కసారే. మేము పోతున్న దిక్కు ఇంచుమించు నమాజుకు తిరగవలసిన ఖిబ్లా దిక్కే కాబట్టి నేనూ చాచా కూర్చున్న చోటనే సైగలతో సాయంత్రపు అసర్ నమాజు చేసుకున్నాం. ఇద్దరమే కాబట్టి ఆయన నా వెనక కాకుండా పక్కన ఉన్నాడు. నమాజు చదివిస్తూ ఆయన ముఖం చూసింది అదే మొదలు. పెదవులు సున్నం పూసినట్లు తెల్లగా ఉన్నాయి.

సేఠ్ ఫ్లాస్కు మూత తీసి పాలు పోశాడు. చాచా తల పక్కకు తిప్పుకున్నాడు. మాత్ర అందించాడు. చాచా కుర్తా జేబులో చెయ్యి పెట్టి, ఆ రోజు పొద్దున, మధ్యాహ్నం ఇచ్చిన మాత్రలు కూడా తీసి కొడుకు అరచేతిలో పెట్టాడు.

“రోజా ఉన్న” అన్నాడు.

సేఠ్ చేతిలోని పాలు తొణికి సీటు మీద పడ్డాయి. తండ్రిని ఏమీ అనలేక నా మీద పడ్డాడు. నాకు ముందే తెలుసన్నాడు. తెలియదని చెప్తే నమ్మినట్లు లేడు. చివరికి గొంతు తగ్గించి, “మీ మాటైతే ఇంటడు. హుకుం చెప్పుండ్రి, మౌల్సాబ్. మీ కాళ్లు మొక్కుత” అన్నాడు.

చెప్పవలసింది నాకు తెలుసు. జబ్బు చేసినవాడికీ, ప్రయాణంలో ఉన్నవాడికీ సడలింపు ఉంది. చాచాకు రెండు విధాలా ఉంది. విడిచిన ఉపవాసాలను తరువాత వేరే రోజుల్లో పూర్తి చేసుకోవచ్చు. దేవుడు ఇచ్చిన సడలింపును కాదనడం భక్తి కాదు. ఇదంతా వివరంగా, మసీదులో చెప్పినట్లే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“నేల మీదున్నప్పుడు గింత గట్టిగ ఎన్నడు చెప్పకపోతిరి” అన్నాడు మొదట. తరువాత నవ్వు పోయింది. “వేరే దినాలల్ల పూర్తి చేసుకొమ్మన్నడు. సరే. నాకు వేరే దినాలు యాడున్నయి, మౌల్సాబ్?”

ఆయనకు రేపటి సంగతి మా ఇద్దరికన్నా బాగా తెలుసు. నేను వెంటనే రెండో దారి చెప్పాను. తీర్చుకునే శక్తి లేనివాడు రోజుకొక పేదవాడికి కడుపునిండా అన్నం పెట్టిస్తే చాలునన్నాను.

“అన్నం పెట్టనీకి వీడున్నడు” అని కొడుకు మోకాలి మీద చెయ్యి వేశాడు. “ఆకలి మాత్రం నేనే ఉండాలె గదా.”

సేఠ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చాచా చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. చల్లగా చెమట పట్టి ఉంది. నాడి తొందరగా కొట్టుకుని, ఆగినట్లయి, మళ్లీ కొట్టుకుంటోంది. ఆ చెయ్యి పట్టుకొని నేను ఎదురుచూసింది బొంబాయి కోసం కాదు, పొద్దు మునగడం కోసం. ఎంత తొందరగా మునిగితే అంత తొందరగా ఆయన గొంతులోకి నీళ్లు దిగుతాయి, మాత్ర దిగుతుంది.

నా గడియారంలో, తాండూరులో ఉపవాసం విడిచే సైరన్ మోగే వేళయింది. సేఠ్ ఒక్క ఉదుటున లేచి ఖర్జూరం తీశాడు. నేను ఉపవాసం విడిచే దువా సగం చదివేశాను కూడా. ఖర్జూరం పెదవి దాకా వచ్చింది. చాచా వేలెత్తి కిటికీ చూపించాడు. సూర్యుడు నిండుగా, ఎర్రగా కూడా మారకుండా నిలబడి ఉన్నాడు. మేము గడియారం చూశాం, ఆకాశం చూడలేదు. పడమటికి పోయేవాడికి పొద్దు ఆలస్యమవుతుంది. అంత ఎత్తున ఉన్నవాడికి ఇంకా ఆలస్యమవుతుంది. కంటికి సూర్యుడు కనబడుతుండగా ఉపవాసం విడవకూడదని ఆయనకు నేర్పింది నేనే.

బొంబాయి మీదికి వచ్చాక ఇంకో కష్టం ఎదురైంది. దేశదేశాల పెద్ద విమానాలు వరుసలో ఉన్నాయట. మా చిన్న విమానం సముద్రం మీద చుట్లు తిరుగుతూ వంతు కోసం ఆగాలట. సేఠ్ తెర తీసి నడిపే ఆయనతో హిందీలో గొడవపడ్డాడు. మనిషి ప్రాణం మీదికి వచ్చిందన్నాడు. ఆయన కింద ఉన్నవాళ్లతో మాట్లాడి, ముందు దించుతామన్నారనీ, అయినా కాసేపు తప్పదనీ మర్యాదగా చెప్పాడు. విమానం తిరిగినప్పుడల్లా సూర్యుడు ఈ కిటికీలోంచి పోయి ఆ కిటికీలోకి వచ్చేవాడు. చాచా తల కూడా అటూ ఇటూ తిరిగేది. కింద చూస్తే ఊరంతా అప్పటికే మసక పడి దీపాలు వెలిగాయి. అక్కడ లక్షల మంది ఉపవాసం విడిచి, మసీదుల్లో వరుసలు కట్టి ఉంటారు. పైన వెలుగులో మేము మాత్రం మిగిలిపోయాం. నా జీవితంలో జమాత్‌కు అంత దూరంగా ఎప్పుడూ లేను.

సేఠ్ ఏడుస్తూ, బలవంతంగా తాగిస్తానని గ్లాసు పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. నేను సరేనంటే తాగించేవాడే. నేను చాచా వైపు చూశాను. ఆయన నన్ను చూడడం లేదు. నేను తల ఊపలేదు. అడ్డంగా కూడా ఊపలేదు. అతను గ్లాసు దించేశాడు.

విమానం ముక్కు కిందికి వంగింది. కిందికి దిగుతున్న కొద్దీ సూర్యుడు కూడా దిగాడు. కాసేపట్లో నీళ్లలో సగమయ్యాడు. తరువాత గీత మాత్రం మిగిలింది. ఆ గీత కూడా పోయాక చాచా తనే చెయ్యి చాపి ఖర్జూరం తీసుకున్నాడు. నీళ్లు తాగాడు. మాత్ర వేసుకున్నాడు. చక్రాలు నేలకు తాకినప్పుడు ఆయన రెండో ఖర్జూరం నములుతూ ఉన్నాడు.

ఆ విమానాశ్రయం గురించి నన్ను తరువాత చాలామంది అడిగారు. నేను చూసింది ఒక మూల మాత్రమే. దూరంగా ఇళ్లంత ఎత్తు విమానాలు, కిరోసిన్ వాసన, తలుపులు తెరిచి ఉన్న అంబులెన్సు. అందులో ఒక్కరికే చోటుంది. సేఠ్ ఎక్కాడు. చాచా పడుకునే నా వైపు చెయ్యెత్తాడు. బండి పోయింది. నేను రుమాలు పరిచి, పొద్దు మునిగాక చేసే మగ్‌రిబ్ నమాజు మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ గొంతెత్తి చదివాను. వెనక వరుస లేదు. విమానాల హోరులో నా గొంతు నాకే వినబడలేదు.

మసీదు పని ఇంకొకరి మీద ఉంచి వచ్చాను కాబట్టి రాత్రి బండిలో తాండూరు వచ్చేశాను. చాచాను మరునాడు తెచ్చారు. ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

మట్టి ఇచ్చి జనం మళ్లాక సేఠ్ సమాధి దగ్గర ఆగిపోయాడు. ఆ సాయంత్రం తాగించమని తల ఊపనందుకు నన్ను తిడతాడేమోననుకున్నాను. తిడితే పడాలనీ అనుకున్నాను. అతను పళ్లెంలో మిగిలిన పూలు సర్దుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

“ఈ నెల ఇంక మస్తు రోజాలున్నయి, మౌల్సాబ్. అబ్బా లెక్కల మిగిలినవాటికి ఏం చెయ్యాలె? ఎందరికి అన్నం పెట్టియ్యాలె?”

“అవి ఆయనవి కావు సేఠ్. ఆయన రోజాలన్నీ ఆయన ఉన్నడు” అన్నాను.

అతను పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు. ఉపవాసం విడిచే వేళ దగ్గరపడుతోంది. సేఠ్ ఇంటికి పోయాడు, నేను మసీదుకు వచ్చాను.