సిగ్నల్ చెట్టు కింద అక్క

ఎండాకాలం మధ్యాహ్నాలంటే నాకు పరమ చిరాకు. కొత్తగూడెంలో ఒక ఆఫీసు కంట్రోల్ రూంలో కాంట్రాక్టు ఉద్యోగం నాది. రాడార్ బొమ్మ చూడటం, గాలిదుమారం, పిడుగులు వచ్చే మండలాల పేర్లు రాసి మెసేజ్‌లు పంపడం, ఫోన్లు చేయడం. పొద్దున ఆకాశంలో మబ్బుతునక ఉండదు. మధ్యాహ్నం దాటేసరికి వేడికి మబ్బు పొంగుతుంది. తెర మీద ఆకుపచ్చ చుక్క పసుపవుతుంది, పసుపు ఎరుపవుతుంది. ఆ మబ్బు పుట్టి, పెరిగి, కొట్టి పోవడానికి గంటో రెండు గంటలో చాలు. ఈ పూట ఈ జిల్లాలో ఎక్కడో ఒకచోట పడుతుందని ముందుగా చెప్పగలం. ఫలానా గూడెం మీద అని తేలేసరికి మా చేతిలో మిగిలేది కాస్త టైమే. దానికి మా సారు "జల్దీ, జల్దీ" అని నెత్తినెక్కి కూర్చుంటాడు, మబ్బు నా మాట వింటున్నట్టు.

మా పుట్టిల్లు భద్రాచలం అడవి అంచున ఒక చిన్న గుంపు. నాలుగిళ్ల పల్లెను మా దిక్కు అట్లాగే అంటారు. అక్కడ సిగ్నల్ ఒక్కచోటే వస్తుంది: ఊరి వెనక గుట్ట నెత్తిన, ఒంటరి మద్దిచెట్టు కింద. అందుకే ఊరివాళ్లు ఫోన్లను కవర్లలో చుట్టి ఆ చెట్టు కొమ్మలకే తగిలిస్తారు. మోగితే కింద ఇళ్లదాకా వినబడుతుంది. ఎవరి పాట మోగిందో గుర్తుపట్టి వాళ్లే పరిగెత్తుకుంటూ గుట్టెక్కుతారు. టవర్ వేస్తామని ఎవరెవరో వచ్చి కొలతలు తీసుకుని పోయారు. మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు.

బీడీలు చుట్టే తునికాకు కోసే సీజన్లో ఒకరోజు. దగ్గర ఆకు ముదిరిపోయిందని బావ, ఊరివాళ్లు లోపలి అడవికి పోతున్నారని, ఆ ఊళ్లోనే కాపురముంటున్న మా అక్క ముందే చెప్పింది. తను ఇంటి దగ్గరే ఉండి ఆకు కట్టలు కట్టి కల్లంలో ఆరబోస్తోంది. ఆ మధ్యాహ్నం తెర మీద ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఎర్రటి ముద్ద ఒకటి మా అడవి మీదికి దిగుతూ కనబడింది. మెసేజ్ పంపాను. అడవిలో ఆకు కోసేవాడికి ఆ మెసేజ్ ఎట్లా చేరుతుంది? అక్క నంబరు కొట్టాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ కొట్టాను.

"ఏందే, కొంపలంటుకున్నట్టు కొడ్తున్నవ్?" రొప్పుతూ ఎత్తింది అక్క.

"గాలివాన వస్తాంది అక్కా. పిడుగులు పడ్తయ్. బావోళ్లు వచ్చిండ్రా?"

"యాడొచ్చిండ్రు? ఈడ ఎండ మాడ్సి సంపుతాంది. మొన్న గూడ గిట్లనే చెప్పినవ్. ఆకంత ఎత్తి లోపల పెడ్తే చుక్క పడలే. నీ కంప్యూటర్ మబ్బును నమ్ముకుంటే మా ఆకు బూజు పడ్తది తల్లీ!"

"నీ కాళ్లు మొక్కుత. ఈసారి నిజం."

నా గొంతులో ఏం వినబడిందో, ఎగతాళి మానింది. "అవ్, అటు దిక్కు నల్లగ లేస్తాంది," అంది మెల్లగా. "సరే, ఈడ్నుంచే కేకేస్త. గుట్ట మీంచి కేకేస్తే లోపలిదాక ఇనబడ్తది."

అప్పటిదాకా నా మట్టిబుర్రకు తట్టనేలేదు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన గుట్ట. దాని మీద అన్నిటికంటే ఎత్తైన చెట్టు. దాని కింద మా అక్క. ఉరిమేటప్పుడు చెట్ల కింద నిలబడకండని లోకమంతటికీ మెసేజ్‌లు పంపే నేనే అక్కను పిలిచి మరీ అక్కడ నిలబెట్టాను.

"అక్కా, దిగు! ముందు కిందికి దిగు!"

"దిగితే వాళ్లకెట్ల ఇనబడ్తదే పిచ్చిదానా? మీ బావ ఆడున్నడు."

ఫోన్ చెవి నుంచి తీసినట్టుంది. ఆమె పెట్టిన పొడుగాటి కేక వినబడింది. తర్వాత గాలి హోరు. లైను తెగిపోయింది.

"మళ్ళీ కొట్టండి మేడం," అన్నాడు పక్క సీటు ఆపరేటర్. ఒళ్ళు మండింది నాకు. "నోర్మూసుకో," అన్నాను. కొడితే మోగుతుంది. మోగితే అక్క మళ్ళీ గుట్టెక్కుతుంది. ఫోన్ టేబుల్ మీద బోర్లించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పిడుగు పడిన చోటల్లా తెర మీద ఒక చుక్క వెలుగుతుంది. మా గుంపు పేరు ఆ పటంలో లేదు. ఏ చుక్క అడవిదో, ఏ చుక్క గుట్టదో నాకెవరు చెప్తారు? బాత్‌రూంలోకి పోయి నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. మా ఇంటి వేల్పుకు మొక్కాను, రాములవారికి మొక్కాను, చివరికి ఆ మబ్బుకే దండం పెట్టాను.

ముద్ద దాటిపోయిన చాలాసేపటికి ఫోన్ మోగింది.

"అందరు ఇల్లు చేరిండ్రే! నా కేకకే ఉరికొచ్చిండ్రు. ఆకు మొత్తం పాయె. గాలికి మా ఇంటి రేకులు లేసిపోయినయ్. నువ్వు భయపడి సస్తుంటవని చెప్దామని వచ్చిన."

వెనక ఇంకా ఉరుముతూనే ఉంది. చెప్దామని వచ్చిందట! "దిగిపో!" అని అరిచి నేనే కట్ చేశాను.

పీడ పోయిందనుకున్నాను. అసలు పీడ అప్పుడే మొదలైంది. ఆ రోజు నుంచి ఊరు నన్ను నమ్మింది. అందరూ కూర్చుని మాట్లాడుకున్నారట: ఆకు సీజన్లో అక్క అడవికి రానక్కర్లేదు, నా ఫోన్ కోసం కాచుకుని గుట్టెక్కి కేకేయాలి, ఆమె వంతు ఆకు తలా కాస్త కోసి తెస్తారు. అది విని ఊరికి పరిగెత్తాను. కింద నుంచే డోలు కొట్టండి, అడవిలోకి వినబడుతుంది అని బతిమాలాను. పండుగ కాని రోజు మా దగ్గర డోలు మోగిందంటే చావు కబురే. "బతికున్నోళ్లకు సావుడోలు కొట్టమంటవా బిడ్డా?" అన్నాడు ఊరిపెద్ద. "మీ అక్క గొంతును మించిన మైకు యాడుంది?" అని బావ నవ్వాడు. అక్క మురిసిపోతూ కొంగు సవరించుకుంది. నేను ఫోన్ చేయకపోతే అడవిలో ఊరంతా ఉంటుంది. చేస్తే గుట్ట మీద అక్క ఉంటుంది. ఈ మాట వాళ్లకు ఎన్ని రకాలుగా చెప్పినా నాకు పిరికిదాన్నన్న పేరే మిగిలింది.

ఈ ఏడూ ఆకు సీజన్ వచ్చింది. నిన్న మధ్యాహ్నం అటువైపే ఎరుపు లేచింది. పక్కకు తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు. నంబరు నొక్కాను. అక్క ఫోన్ విని, ఇంట్లోంచి బయల్దేరి, గుట్టెక్కేలోపు మబ్బు ఎంత దూరం వస్తుందోనని తెరకేసి చూస్తున్నాను. మొదటి రింగు పూర్తికాకముందే ఎత్తింది.

"చెప్పు చెల్లె," అంది. "మబ్బు కనబడంగనే వచ్చి ఈ చెట్టు కిందనే కూసున్న. నువ్వెప్పుడు కొడ్తవా అని చూస్తాన్న."