పారే నీటి ఆట

ధవళేశ్వరం కాలువగట్టున, దొరల మిషను బడిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన యెహెజ్కేలు మాస్టారి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఒకరోజు ఆయన బరువైనది, ఇంకా బరువైనది, అన్నిటికంటే బరువైనది అనే ఇంగ్లీషు మాటలు నేర్పడానికి పిల్లల చేత రాళ్లు చేతులు మార్పించారు. మాలపల్లె లాజరు తాకిన రాయిని తన కొడుకూ తాకాడని విని రైతు సూరన్న మండిపడ్డాడు. రైతుల పిల్లలు మానేస్తే బడి మూతపడుతుంది.

రాయికి కూడా కులం అంటగట్టిన ఊరు మాది. అయితే పారే నీటికి మైల లేదని ఆ ఊరే ఒప్పుకుంటుంది. మర్నాడు మాస్టారు పిల్లలందరి చేత అరటిదొప్పలు పందెంగా కాలువలో వదిలించారు.

కొడుకును బడి మాన్పించడానికి వచ్చిన సూరన్న గట్టుమీదే ఆగిపోయాడు.

"ఏమయ్యా మాస్టరూ, మావాడిదేది?"

"ఆ రెండోదండి. వెనకదానికంటే ఫాస్టర్ అండి."

"మరి ముందున్నదాన్నేమంటారు?"

"ఫాస్టెస్ట్ అంటారండి. అది లాజరుదండి."

సూరన్న కొడుకును గదమాయించాడు.

"అంత మందం దొప్పైతే ఎలా పోద్దిరా? రేపు బడికొచ్చేటప్పుడు పలచటిది కోసిస్తాను, పట్టుకురా."