సాబ్జాన్ నోట రెండు పార్టీల పాట

పెనుకొండలో మా వీధి కొళాయి దగ్గర ఈ మధ్య ఒక మాట తిరుగుతోంది. పెళ్లిళ్లలో పాటలు పాడే సాబ్జాన్ పార్టీ మారినందుకు అతనికి పుట్టపర్తి రోడ్డులో ఇంటి స్థలం ఇచ్చారట. ఆ స్థలంలో బోరు కూడా వేయించారట. బోరులో నీళ్లు కూడా పడ్డాయట. నేను మొదట ఈ మాట ఎదురింటి భారతి నోట విన్నాను. "నువ్వు చూసినావా?" అంటే "నేను చూల్యా, మా ఆడబిడ్డ చూసినాదంట" అంది. ఆడబిడ్డను అడిగితే ఆమె ఇంకొకరి మీద పెట్టింది. అట్లా అడుగుతూ అడుగుతూ వీధి చివరి ఇంటి దాకా వెళ్లాను. చూసినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. నీళ్లు పడ్డ సంగతి మాత్రం అందరికీ తెలుసు.

అందుకే అసలు జరిగింది రాస్తున్నాను. సాబ్జాన్ ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒకటే. వాళ్లింట్లో తాలింపు చిటపటలాడితే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. నాకు తెలియకుండా ఆ ఇంటికి స్థలం వచ్చే వీలు లేదు.

పార్టీల పేర్లు రాయను. రాస్తే ఈ రాత కూడా ఏదో ఒక పార్టీ కింద జమ అవుతుంది. మా వీధికి ఎగువన ఒక పార్టీ ఆఫీసు, దిగువన ఇంకొక పార్టీ ఆఫీసు ఉన్నాయి. కాబట్టి ఎగువ పార్టీ, దిగువ పార్టీ అనుకుందాం.

సాబ్జాన్ తండ్రి యూనస్ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్లికొడుకు మండపం గేటు దగ్గర దిగగానే ఎదురుకోలుకు వాయించేందుకు ఆయన సొంతంగా ఒక రాగం కట్టుకున్నాడు. దానికి మాటల్లేవు. మొదట మెల్లగా, ఎవరో సిగ్గుపడుతూ నడిచి వస్తున్నట్లు ఉంటుంది. తర్వాత అడుగు పెద్దదవుతుంది. రెడ్లింట్లోనైనా, కురుబలింట్లోనైనా, దూదేకులింట్లోనైనా, ఆ రాగం వినపడితేనే ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుని లేచేవాళ్లు. మా అమ్మాయి పెళ్లిలోనూ అదే. యూనస్ పోయాక ఆ క్లారినెట్ ఊదే దమ్ము సాబ్జాన్‌కు లేకపోయింది. గొంతు మాత్రం ఉంది. హిందూపురంలో ఒక ఆర్కెస్ట్రాలో చేరి, నాయన రాగాన్ని మైకు ముందు నోటితోనే ఆలపించేవాడు. మడకశిర పెళ్లిళ్లలో కన్నడ పాటలు, ఉరుసుల్లో ఖవ్వాలీలు, వినాయక చవితి పందిళ్లలో భక్తి పాటలు, ఏది అడిగితే అది పాడేవాడు.

అతనికి ఒక్క కూతురు, రేష్మ. "ఊర్లో అందరి అల్లుళ్లకూ పాడినా అక్కా. నా అల్లుడు గేటు కాడ దిగిన పొద్దు నాయన రాగం పాడల్ల. అంతవరకూ ఈ గొంతు నిలిస్తే చాలు" అని నాతో ఎన్నోసార్లు అన్నాడు. అతనికి ఉన్న కోరిక అదొక్కటే.

ఆ ఆర్కెస్ట్రాలో మనిషికొక పార్టీ. కీబోర్డు వాయించే గోపాల్ దిగువ పార్టీ అంటే ప్రాణం పెడతాడు. రిథమ్ ప్యాడ్ కొట్టేవాడిది ఎగువ పార్టీ. వ్యానులో పోతూ దారంతా తిట్టుకుంటారు, స్టేజి ఎక్కితే ఒకే తాళంలో ఉంటారు. సాబ్జాన్ మాత్రం ఆ గొడవలో నోరు విప్పేవాడు కాదని గోపాలే నాతో చెప్పాడు. "ఏమన్నా అడిగితే గొంతు కాపాడుకుంటాండానంటాడు పిన్నీ" అన్నాడు.

పోయినసారి పెద్ద ఎలక్షన్లకు ముందు ఎగువ పార్టీ నారాయణస్వామి నలుగురిని వెంటేసుకుని సాబ్జాన్ ఇంటికి వచ్చాడు. నేను గోడ ఇవతల చాట పట్టుకుని కూర్చున్నాను. చాటలో బియ్యం అప్పటికే ఏరడం అయిపోయింది.

"ఏమప్పా సాబ్జానూ, మనకొక పాట కావల్ల."

"దాందేముందన్నా, ఏదన్నా సినిమా పాట మీద కట్టిద్దాం."

"సినిమా పాట వద్దబ్బా. ఫోన్లో పెడితే హక్కులు మావి అని తీయించేస్తాండారు. మీ నాయన ఎదురుకోలు రాగం ఉండాది చూడు, దాని మీద కట్టు. అది ఎవురు తీయిస్తారు? పసిపిల్లోళ్లకు గూడా నోటికొస్తాది."

"అది నాయన రాగం కదన్నా..."

"అందుకే కదప్పా నీ దగ్గరికొచ్చింది. పక్కింటోళ్ల నాయన రాగం అడిగితే తప్పు."

అందరూ నవ్వారు. సాబ్జాన్ కూడా నవ్వాడు. జాతర కమిటీలో, ఉత్సవ కమిటీలో, ఎక్కడ స్టేజి వేసినా ముందు వరసలో కూర్చునేది ఆ నారాయణస్వామే. కాదంటే ఏమవుతుందో ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు. రాగమంటే బాడుగకిచ్చిన షామియానా లాంటిదని, ఎలక్షన్ అయిపోగానే ఇంటికి తిరిగి వస్తుందని సాబ్జాన్ అనుకున్నాడు.

"లేచిరా అన్నా, లేచిరా, మన పొద్దు పొడిచె లేచిరా" అని పాట తయారైంది. రొద్దం నుంచి ధర్మవరం దాకా ఆటోల మీద అదే. మా మనవడు అన్నం తినాలన్నా అదే పెట్టాల్సి వచ్చింది. పాట గెలిచింది గానీ పార్టీ ఓడిపోయింది.

ఆ తర్వాత హిందూపురంలో మా చుట్టాల పెళ్లి. ఆడపిల్లవాళ్లది దిగువ పార్టీ. ఆర్కెస్ట్రా సాబ్జాన్‌వాళ్లదే. పెళ్లికొడుకు కారు దిగాడు. గోపాల్ చేతులు అలవాటు కొద్దీ కీబోర్డు మీద ఆ రాగం ఎత్తుకున్నాయి, సాబ్జాన్ నోరు అలవాటు కొద్దీ అందుకుంది. మగపెళ్లివాళ్లలో నలుగురు కుర్రాళ్లు ఎగువ పార్టీవాళ్లట. వాళ్లు చేతులు పైకెత్తి "లేచిరా అన్నా, లేచిరా" అని మాటలు కలిపారు. ఆడపిల్ల మేనమామ చేతిలోని పన్నీరు బుడ్డి కింద పెట్టి స్టేజి దగ్గరికి వెళ్లాడు.

"మా ఇంటి పెళ్లిలో వాళ్ల పాట పాడతాండావేమప్పా? నిన్ను పంపించింది ఎవురు?"

"ఎవురూ పంపల్యా అన్నా, ఇది ఎదురుకోలు రాగం. మీ పెండ్లిలో గూడా మా నాయన వాయించినాడు."

"అప్పుడు దీనికి మాటలు ల్యాకుండె. ఇప్పుడు ఉండాయి."

తర్వాత కుర్చీలు లేచాయి. స్పీకరు బాక్సు ఒకటి పగిలింది. గోపాల్ దిగువ పార్టీ మనిషే అయినా దెబ్బలు అతనికే ఎక్కువ తగిలాయి. హారతి నా చేతిలోని పళ్లెంలోనే ఆరిపోయింది.

ఆ కబురు అన్ని ఊళ్లకూ పాకింది. దిగువ పార్టీవాళ్లు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. ఎగువ పార్టీవాళ్లు పిలిచినా "ఆ రాగం ఒద్దులే, గలాటా అయితాది" అనేవాళ్లు. సాబ్జాన్ బండి మీద కర్బూజాలు పెట్టుకుని అమ్మడం మొదలుపెట్టాడు. అక్కడా నెగ్గలేకపోయాడు. గొంతెత్తి "కర్బూజా" అని అరిస్తే చాలు, "ఏమప్పా, పండ్లకు గూడా ఓట్లడుగుతాండావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. చివరికి అరవకుండా బండి పక్కన ఊరికే నిలబడేవాడు.

టీవీలో చూస్తుంటాను. పెద్ద పెద్ద సినిమావాళ్లు ఒక ఎలక్షన్‌కు ఈ పార్టీ కండువా, ఇంకొక ఎలక్షన్‌కు ఆ పార్టీ కండువా కప్పుకుంటారు. వాళ్లకు పూలదండలు పడతాయి. సాబ్జాన్ కండువా కప్పుకోలేదు, పాట పాడాడంతే. అతనికి కుర్చీలు పడ్డాయి.

రేష్మకు రొద్దం సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు పేరు ఇర్షాద్, బైకు మెకానిక్కు, నెమ్మదస్తుడు. మాటలు ఖాయమైన వారంలోనే దిగువ పార్టీ ఉమాశంకర్ సాబ్జాన్‌ను పిలిపించాడు. మున్సిపల్ ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి. ఇంటికి వచ్చాక సాబ్జాన్ ఆ మాటలన్నీ షాహిస్తాకు చెప్పాడు. షాహిస్తా అతని భార్య. దాచుకునే అలవాటు లేని మనిషి, గోడ ఇవతలికీ వినపడేలా తిరిగి అడిగింది.

"అదే రాగమా? మళ్లీనా?"

"అదే రాగం మీద వాళ్ల పాట పాడల్లంట. ఉమాశంకరన్న ఏమంటాడంటే, ఇప్పుడది ఎగువోళ్లది. మా పాట గూడా దాని మీద వస్తే అది ఎవురిదీ కాకుండా పోతాది. చెల్లుకు చెల్లు. ఎవురి పెండ్లిలోనైనా పాడుకోవచ్చు అంటాడు."

"నువ్వు నమ్మినావా?"

"నమ్మకపోతే రేష్మ పెండ్లికి ఎట్లా పాడేది?"

నాకూ ఆ మాటలో న్యాయం ఉన్నట్లే తోచింది. ఇద్దరూ కట్టుకున్న గుడ్డ ఒకరిదని ఎవరంటారు?

ఆ విధంగా "మోసపోకు అన్నా, మోసపోకు, వాళ్ల పొద్దు గుంకె మోసపోకు" వచ్చింది. మీటింగులో ఉమాశంకర్ అతని మెడలో కండువా వేశాడు. వద్దనడానికి సాబ్జాన్ చేతులు ఖాళీగా లేవు, మైకు ఉంది. ఆ ఫోటో సాయంత్రానికల్లా అన్ని ఫోన్లలోనూ తిరిగింది. స్థలం పుట్టింది ఆ ఫోటోలోంచే.

రేష్మకు పట్టుచీర కొనడానికి నేనూ షాహిస్తా ధర్మవరం వెళ్లాం. చీర తీసుకుని బయటికి వచ్చేసరికి బజారు ఇరుకులో రెండు ప్రచారం ఆటోలు ఎదురెదురుగా ఇరుక్కున్నాయి. ఒకటి ఎగువ పార్టీది. వాళ్లు పాత పాటే మళ్లీ పెట్టుకున్నారు. ఇంకొకటి దిగువ పార్టీది. అందులో డ్రైవరు పక్కన సాబ్జానే కూర్చుని ఉన్నాడు. ఒక మైకు డబ్బాలోంచి "లేచిరా" అంటోంది అతని గొంతే. ఇంకొక డబ్బాలోంచి "మోసపోకు" అంటోంది అతని గొంతే. వీళ్లు సౌండు పెంచితే వాళ్లు పెంచారు.

జనం గుమిగూడారు. ఒకాయన కిళ్లీ నములుతూ "ఏమబ్బా సాబ్జానూ, నిన్ను నువ్వే తిట్టుకుంటాండావే, ఈడ యూనస్ కొడుకులు ఇద్దరుండారా ఏమి?" అన్నాడు. బజారంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అంతలో షాహిస్తా నా చెయ్యి పట్టుకుంది.

సాబ్జాన్ ఆటో దిగి ఎగువ పార్టీ డ్రైవరు దగ్గరికి వెళ్లాడు.

"ఆ పాట తీసేయప్పా. నీకు దండం పెడతా."

"నేనెట్ల తీసేది అన్నా? పార్టీ పాట అది."

"నా గొంతప్పా అది."

"గొంతు నీదే కానీ పాట పార్టీది కదన్నా. పో, నీ బండి ఎనక్కి తీయించు, ట్రాఫిక్ జామైతాంది."

సాబ్జాన్ మమ్మల్ని చూశాడు. చూడనట్లు వెళ్లి బండిలో కూర్చున్నాడు.

ఎలక్షన్లు అయిపోయాయి. ఈసారి ఎవరు గెలిచారన్నది ఈ కథకు అవసరం లేదు. నారాయణస్వామి మనుషులు సాబ్జాన్‌ను ద్రోహి అన్నారు. ఉమాశంకర్ మనుషులేమో ఎగువవాళ్ల పాట ఇంకా ఎందుకు మోగుతోంది, నువ్వే లోపాయికారిగా ఇచ్చావా అన్నారు. చెల్లుకు చెల్లు అన్న రాగానికి ఇద్దరు సొంతదారులు తయారయ్యారు.

రేష్మ పెళ్లి మా వీధి దగ్గరి ఫంక్షన్ హాల్లో జరిగింది. పిలవకపోతే ఒక తంటా, పిలిస్తే ఒక తంటా. ఇద్దరు నాయకులనూ పిలిచారు, ఇద్దరూ వచ్చారు. నారాయణస్వామి మనుషులు ఎడమ వైపు కుర్చీల్లో, ఉమాశంకర్ మనుషులు కుడి వైపు కుర్చీల్లో కూర్చున్నారు. గోపాల్ కీబోర్డు తెచ్చాడు. సాబ్జాన్ తెల్లచొక్కా వేసుకుని మైకు పట్టుకుని గేటు పక్కన నిలబడ్డాడు. ఇర్షాద్ కారు దిగాడు. గోపాల్ చేతులు కీబోర్డు పైన ఆగి ఉన్నాయి.

"పాడప్పా, పాడు. మా పాటే కదా" అన్నాడు నారాయణస్వామి, మర్యాదగానే.

"మాది గూడా అదేలే, పాడు పాడు" అన్నాడు ఉమాశంకర్, అతనూ మర్యాదగానే.

రెండు వైపులా కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. ఎవరి మాటలు వాళ్ల నోళ్లలో సిద్ధంగా ఉన్నాయి. మొదటి స్వరం పడగానే ఏమవుతుందో ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. నా చేతిలో మళ్లీ హారతి పళ్లెం ఉంది.

"పాడు, రేష్మ నాయనా, పిల్ల చూస్తాండాది" అంది షాహిస్తా.

సాబ్జాన్ మైకు నోటి దాకా తెచ్చాడు. మెడ నరం లేచింది. గోపాల్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మైకు స్విచ్చి ఆపి స్టాండుకు తగిలించాడు. ఇర్షాద్ పాపం ఎటు చూడాలో తెలియక, కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటుంటే హాలంతా నడిచి వచ్చాడు. బయట జనరేటరు మోగుతూనే ఉంది. నేను హారతి ఇచ్చాను. మాటల్లేని రాగానికి అలవాటుపడ్డ చేతులు, ఆ నిశ్శబ్దానికి ఎక్కడ తిప్పాలో ఎక్కడ ఆపాలో తెలియక తడబడ్డాయి.

మరుసటి పొద్దున సాబ్జాన్ ఇంటి ముందు అద్దె గిన్నెలు తోమి బోర్లిస్తున్నాడు. ఉమాశంకర్ ఇంటి నుంచి అప్పుడే కబురు వచ్చిపోయింది. రేపు మడకశిరలో మీటింగు, బండి పంపిస్తారట. నేను టీ పట్టుకెళ్లాను. నా మనసులో ఎన్నాళ్లుగానో నానుతున్న మాట ఇంక ఆగలేదు.

"సాబ్జానూ, స్థలం గిలం అంతా అబద్ధమని నాకు తెలుసు. అది అడగను. ఒక్కటి చెప్పప్పా. ఎవురికీ చెప్పను, ఒట్టు. నీ మనసులో నిజంగా ఉండేది ఎవురు? ఎగువోళ్లా, దిగువోళ్లా?"

టీ అందుకున్నాడు. తాగలేదు. గ్లాసును బోర్లించిన గిన్నె మీద పెట్టాడు.

"నువ్వు యాడా చెప్పవులే అక్కా, ఆ భయం నాకు ల్యా. నోరు తెరిచి చెప్తే ముందు వినేది నేనే కదా. ఒకసారి నా చెవిన పడినంక, రేపు బండెక్కి పాడల్లంటే నాకు గొంతు లేస్తాదా?"