మంచులో పిల్లోడికి మా అవ్వ ప్రార్థన

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో చాలా ఏళ్ళు ఒక కార్టూన్ పిల్లోడు ఉండేవాడు. పెద్దత్త మోకాళ్ళ నొప్పికి అడగడం అయినాక, వానలకు అడగకముందు, మధ్యలో వాడి వంతు. వాడు జపాన్ వాడని కూడా అప్పుడు మాకు తెలీదు. వాడి కథకు రెండో భాగం వచ్చిందని విన్న రోజు నేను ఎగిరి గంతేయాల. వేసినాను కూడా. కిందికి దిగినాక భయం పట్టుకుంది. ఆ భయం ఏందో తెలియాలంటే గాడిద దగ్గర మొదలుపెట్టాల.

మేముండేది బళ్ళారిలో, బ్రూస్‌పేట వెనక ఒక సందులో. పాత మిషన్ చర్చి గంట కొడితే మా వంటింట్లో గిన్నెలు అదిరేంత దగ్గర. అమ్మ ఆస్పత్రిలో ఆయా. నాయనకు సిరుగుప్పలో రైస్ మిల్లు పని. శనివారం బస్సుకు వచ్చి, ఆదివారం ఆరాధనలో కూచుని, సోమవారం మొదటి బస్సుకు పోయేవాడు. మిగతా దినాలు నన్నూ చెల్లెల్నీ చూసుకునింది అవ్వ, నాయనను కన్నామె. సాయంత్రం ఆమె చాటలో బియ్యం ఏరతా ఉంటే మేము పక్కన కూచుని టీవీ చూసేవాళ్ళం. ఆమె కూడా చూసేది. చూడనట్టు చూసేది, అంతే.

ఆ కార్టూన్ ఇది. ఊరికి నీళ్ళు తెస్తానని కొండలు దాటి పోయిన మనిషి తిరిగి రాడు. కొడుకు వెతుక్కుంటా బయల్దేరతాడు. వాడికి తోడు ఒక ఇనుప గాడిద. దాని పొట్టలో పొయ్యి, పొయ్యిలో బొగ్గు వేస్తేనే నడక. వాన తగిలితే తుప్పు పడుతుంది. కొండ ఎక్కుడు వస్తే దగ్గుతుంది. ఎడమ చెవికి సొట్ట. బళ్ళారి పిల్లోళ్ళకు ఇంతకంటే ఏం కావాల? నీళ్ళు లేని ఊరు, ఎండ, కొండలు, ఇనుము. ఎవరో మా జిల్లా అంతా తిరిగి చూసి పోయి బొమ్మలేసినట్టు ఉండేది.

అదంతా హిందీలో వచ్చేది. చెల్లెలికి హిందీ రాదు. అవ్వకు బజారులో వంకాయలు బేరం చేసేంత ఉర్దూ వచ్చు, కార్టూన్‌లో ఎవరూ వంకాయలు అమ్మరు. అందుకని కథ చెప్పే పని నా మీద పడింది. నాకూ హిందీ రాదు, కాకపోతే రాదన్న సంగతి నాకు తెలీదు. గాడిద అసలు మాట్లాడదు, కాబట్టి దాని మాటలన్నీ నావే. పిల్లోడు దాన్ని ఎక్కుడులో తోస్తాంటే నేను గాడిద గొంతుతో, "ఏందప్పా, పొద్దున తిన్న బొగ్గు యాడికి సరిపోతాది" అనేవాణ్ణి. అవ్వ చాట పక్కన పెట్టి నవ్వేది. నేను ఏడో తరగతి తర్వాత బడి మానేసినా, నాకు మంచి మార్కులొచ్చిన పని అదొకటి ఉంది.

కథ ఒక మంచు కనుమ దగ్గర ఆగిపోయింది. బొగ్గు అయిపోయింది, గాడిద పొట్టలో నిప్పు చిన్నదైపోతాంది, పిల్లోడు తన చొక్కా విప్పి పొయ్యిలో వేసినాడు. మిగతాది రేపు. ఆ రేపు మాకు రాలేదు. కేబులాయన ఆ ఛానెల్ తీసేసి సినిమా పాటల ఛానెల్ పెట్టినాడు. నేను పోయి అడిగితే, ఆ గాడిదను ఎవడు చూస్తాడప్పా, నువ్వొక్కడివే అన్నాడు. ఇంట్లో ఇంకా ఇద్దరు ఉన్నారని చెప్పినాను. అయినా ఛానెల్ రాలేదు.

మా ఇంట్లో అన్నానికి ముందు ప్రార్థన. మొదలుపెట్టేముందు అవ్వ ఒక్కొక్కరినీ అడుగుతుంది, నీ అవసరం ఏంది అని. ఆ దినం చెల్లెలు, అప్పుడు ఇంతే ఉండేది, మంచులో చిక్కుకున్న అబ్బాయి కోసం చెయ్యమనింది. నేను నవ్వినాను. అవ్వ నవ్వలేదు. కళ్ళు మూసుకుని, "మంచులో ఉన్న బిడ్డను బయటికి తీసుకురా తండ్రీ, వాడి నాయన దగ్గరికి చేర్చు" అనింది. అది బొమ్మ అని ఆమెకు తెలుసు. బిడ్డ అడిగింది గదా అనింది, అంతే. కానీ మా అవ్వ ప్రార్థనకు ఒక కట్టుబాటు ఉంది. ఒకసారి అందులోకి ఎక్కినవాళ్ళు జవాబు వస్తేగాని దిగరు. జవాబు వస్తే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాల, అప్పుడే దించుతుంది. కేబులాయన జవాబు ఇవ్వలేదు గాబట్టి పిల్లోడు అట్లే ఉండిపోయినాడు.

ఒకసారి చర్చి అయ్యగారు మా ఇంటికి ప్రార్థనకు వచ్చినారు, వెంట స్త్రీల సమాజం వాళ్ళు. అవ్వ మామూలుగానే చేసింది, మోకాళ్ళు, మంచులో బిడ్డ, వానలు. పైన ఉత్తరాన మంచులో డ్యూటీ చేస్తాండే మిలిటరీ పిల్లోడు ఎవరో మా చుట్టం అనుకున్నారు వాళ్ళు. ఆ వారం నుంచి స్త్రీల సమాజం అంతా వాడికోసం ప్రార్థన. వాళ్ళలో ఒకామె, టైలరింగ్ నేర్పించే టీచరమ్మ, ఆకుపచ్చ ఉన్నితో ఒక టోపీ అల్లి తెచ్చి, పార్సిల్లో పంపించండి అని అవ్వ చేతిలో పెట్టింది. నేను చెల్లెలి మొహం చూసినాను, చెల్లెలు నేల చూసింది. ఆమె పోయినాక, చెప్పొచ్చు గదా అవ్వా అంటే, వాళ్ళు అడగలేదు, నేను అబద్ధం చెప్పలేదు, చలి మాత్రం నిజమే గదా అనింది. టోపీ ట్రంకు పెట్టెలో పడింది.

తర్వాత ఇనుప గనుల జోరు మొదలైంది. ఊరికి ఒక లారీ ఉండేది పోయి ఇంటికొక లారీ అయింది. నేను క్లీనరుగా ఎక్కి, డ్రైవరుగా దిగినాను. బండ్రి పక్క కొండల నుంచి ఎర్ర మన్ను నింపుకుని రావడం, మళ్ళీ పోవడం. పోవడం కంటే నిలబడడం ఎక్కువ, ఎందుకంటే లారీల లైను కదిలేది కాదు. ఆ లైనులోనే ఉత్తరాది డ్రైవర్ల పక్కన కూచుని హిందీ నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తెలిసింది, చిన్నప్పుడు నేను చెప్పిన కథలో సగం నా సొంతమని.

అట్లా లైనులో ఉన్నప్పుడే ఒకడు చెప్పినాడు, ఆ గాడిద కార్టూన్‌కు ఇన్నేళ్ళకు రెండో భాగం తీసినారు, సినిమాగా, హిందీలో సీడీ కూడా వచ్చింది అని. బ్రూస్‌పేటలో సీడీల అంగడికి పోయి అడిగినాను. అంగడాయన సీడీ చేతిలో పెట్టి, "బహళ చెన్నాగిదె. కర్చీఫు తీసుకుని కూచోప్పా" అన్నాడు. బలే బాగుందంటాడు, మళ్ళీ కర్చీఫంటాడు. భయం పట్టింది అప్పుడే. పిల్లోడు ఆ మంచులోనే పోయి ఉంటే? ఇన్నేళ్ళు ప్రార్థన చేసిన ముసలామెకు ఆ మాట ఎవరు చెప్పాల?

ముందు నేనొక్కణ్ణే చూద్దామనుకున్నాను. ఇంటికొచ్చేసరికి చెల్లెలు, ఇప్పుడు కాలేజీకి పోతాంది, నా జేబులో ఉన్నది ఏందో మొహం చూసే పట్టేసింది. అవ్వకు చెప్పేసింది. ఆదివారం ఆరాధన, అన్నం అయినాక ముగ్గురం టీవీ ముందర కూచున్నాం. నా దగ్గర ఒక ఉపాయం ఉండాది. అవ్వకు ఇప్పటికీ హిందీ రాదు. తెర మీద ఎవరు పోయినా నా తెలుగులో బతికించుకోవచ్చు.

ఇప్పుడు నా తీర్పు. మొదటి సీన్లోనే పిల్లోడు బతికి ఉన్నాడు, మీసంతో. ఊపిరి పీల్చుకున్నాను. మంచి అక్కడితో చాలావరకు అయిపోయింది. సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా గాడిదకు బొగ్గు వెయ్యరు. లారీ తోలేవాణ్ణి, ఇది నేను క్షమించను. తిండి లేకుండా బండి నడిచేటట్టయితే బంకు ముందర మాకేం పని? తుప్పు లేదు, దగ్గు లేదు. మా ఊళ్ళో కొత్తగా డబ్బొచ్చినవాళ్ళు కొన్న కార్ల మాదిరి మెరుస్తాంది. అన్నిటికంటే ఘోరం, గాడిద మాట్లాడుతుంది. పోనీ ఒక మాటా రెండు మాటలా, ఎలక్షన్లో నిలబడినట్టు మాట్లాడుతుంది. చిన్నప్పటి నుంచి నేను చేసిన ఉద్యోగం అది. చెప్పకుండా తీసేసినారు. ఒక్కటి మాత్రం బాగుంది. ఎడమ చెవి సొట్ట అట్లే ఉంచినారు. ఎవరూ చూడనప్పుడు ఆ మీసాలాయన సొట్టలో బొటనవేలు పెట్టి రుద్దుతాడు. అది తీసినవాడు ఎవడో గాని, వాడూ మా మాదిరే చిన్నప్పుడు దాన్ని చూసినవాడు.

నేను గొణుగుతాంటే అవ్వ అడిగింది, ఏంది అంత మాట్లాడతాంది అది అని. చెప్పినాను. గాడిద మాట్లాడడం తప్పేం కాదు, సండే స్కూల్లో చెప్పే బైబిల్ కథలో కూడా ఒక గాడిద మాట్లాడింది అనింది. "కానీ అది అవసరమైనంతే మాట్లాడి నోరు మూసుకునింది. ఇది ఆపదు. సౌండు తీసెయ్, నువ్వు చెప్పు."

సౌండు తీసేసినాను. చాలా ఏళ్ళ తర్వాత గాడిద మళ్ళీ బళ్ళారి తెలుగులో మాట్లాడింది. మీసాలాయన కొండ ఎక్కుతాంటే, "ఏందప్పా, మీసం పెరిగింది గాని బుద్ధి యాడ పెరిగింది" అనింది. చెల్లెలు నవ్వి నవ్వి గోడకు ఒరిగింది. అంతలో తెర మీద కొండ అంచున ఒక మట్టి దిబ్బ, దాని తల దగ్గర ఒక రాయి, రాయి మీద చిల్లు పడిన నీళ్ళ డబ్బా. మీసాలాయన దాని ముందర కూచున్నాడు. కర్చీఫు సీను ఇదన్నమాట. నా ఉపాయం తీసినాను. గాడిద గొంతుతో, ఇది వేరే ఎవరిదో సమాధి, మీ నాయన అవతలి ఊళ్ళో టీ తాగతాండాడు, పోదాం పా అన్నాను.

అవ్వ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"గాడిదకు అబద్ధాలు నేర్పించొద్దురా."

  అప్పుడు గాడిద, మీ నాయన ఈడిదాకా వచ్చినాడప్పా, మిగతా దారి మనది అనింది. అంతకంటే నాకు ఏం తోచలేదు. చివర్లో వాళ్ళు నీళ్ళు తెస్తారు, ఊరంతా తడుస్తుంది, అదంతా మామూలే.

సినిమా అయిపోయినాక అవ్వ ఒక్కటే అడిగింది, ఆ మంచులో నుంచి ఎట్లా బయటపడినాడంట అని. చెప్పలేదవ్వా, 'ఆ చలికాలం పోయిన చాలా ఏళ్ళకు' అని ఒక ముక్క చెప్పి దూకేసినారు అన్నాను. నాకు అసలు కోపం అదే. మేము ఇన్నేళ్ళు ఆగిన చోటును వాళ్ళు ఒక ముక్కలో దాటేసినారు.

అవ్వకు కోపం రాలేదు. "వాళ్ళకు తెలీదులే పాపం," అనింది. "మనకు తెలుసు గదా."

మరి వాళ్ళ నాయన సంగతి ఏంది, నువ్వు అడిగినట్టు కాలేదు గదా అనింది చెల్లెలు. అవ్వ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటా లేచింది. "నాయన దగ్గరికి చేర్చమన్నాను. చేర్చినాడు."

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అవ్వ లేచి నిలబడింది. మీరంతా ప్రార్థన చేసిన మంచులో బిడ్డ క్షేమంగా బయటపడినాడు, పెద్దవాడైనాడు, మీసం వచ్చింది, వాళ్ళ ఊరికి నీళ్ళు తెచ్చినాడు అనింది. అందరూ స్తోత్రం అన్నారు. నేను చెల్లెలి పక్క చూడలేదు, చూస్తే నవ్వొస్తుంది. బయట టోపీ టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటా వచ్చి, నీళ్ళంటే బోరా, కాలువా అని అడిగింది. కాలువమ్మా అన్నాన్నేను. అది నిజమే, సినిమాలో కాలువే.

ఆ సాయంత్రం ప్రార్థనలో పెద్దత్త మోకాళ్ళు అయినాయి. నేను వానల వంతు కోసం ఎదురుచూస్తాండా. అవ్వ ఆగి, "కొండ దారిలో లారీ తోలే బిడ్డను ఇంటికి తీసుకురా తండ్రీ" అనింది. కళ్ళు తెరిచినాను. చెల్లెలు ముందే తెరిచి నన్ను చూస్తాంది. ఆమెన్ అయినాక అవ్వ ట్రంకు పెట్టె తీసి టోపీ నా ముందర పెట్టింది. వాడికి ఇంక చలి లేదు, చలికాలం పొద్దున కొండ మీద నువ్వు పెట్టుకో అనింది.

ఆ టోపీ గుచ్చుకుంటుంది. బండ్రి దగ్గర లైనులో డ్రైవర్లు చూసి, ఏం చిలకప్పా, గూటిలో నుంచి ఎప్పుడొచ్చినావ్ అని నవ్వుతారు. నవ్వనీ. అవ్వ కట్టుబాటు ప్రకారం, ఎవరో చర్చిలో నిలబడి నా గురించి సాక్ష్యం చెప్పేదాకా ఆమె ప్రార్థనలో నుంచి నేను దిగడానికి లేదు.