గల్లంతు, అదృశ్యం

రేపల్లెలో పత్రికా విలేకరిగా పనిచేసిన రోజుల్లో మాటల విషయంలో నాకు కాస్త పొగరుండేది. నీళ్లలో పడి దొరకనివాడు గల్లంతు. ఇంట్లోంచి వెళ్లి తిరిగిరానివాడు అదృశ్యం. ఒకదాని బదులు ఇంకొకటి రాసిన తోటి విలేకరులను టీ కొట్టు దగ్గర నిలబెట్టి పాఠం చెప్పేవాణ్ణి.

ఒకరోజు పెనుమూడి వంతెన మీద ఓ కూలీ సైకిలు, చెప్పులు కనిపించాయి. మనిషి లేడు. కృష్ణలో దూకి ఉంటాడని అక్కడున్నవాళ్లంతా అన్నారు. ‘వ్యక్తి గల్లంతు’ అని వార్త పంపేసి, తెనాలి రైలెక్కి ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు రేపల్లె స్టేషన్లో దిగేసరికి అతని భార్య పేపరు పట్టుకుని నిలబడి ఉంది.

“అన్నయ్యగారూ, ఆయన నీళ్లలో పడటం ఎవరు చూశారండి?”

“ఎవరూ చూడలేదమ్మా. సైకిలు అక్కడే ఉంది గదా.”

“ఉంటే ఉందండి. పొద్దున్నించీ జనం పరామర్శకొస్తన్నారు. నా బొట్టు వంకే చూస్తన్నారు. అదృశ్యమని రాయండి. అట్టాగైతే వెతుకుతారు.”

ఇలాంటప్పుడు గల్లంతనే రాయాలని ఆమెకు వివరించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె అంతా విని, “మీకు ఏది రాసినా ఒకటేనండి, నాకు కాదు” అంది.

ఆ సాయంత్రం ఆఫీసువాళ్లతో పోట్లాడి, ‘వ్యక్తి అదృశ్యం’ అని ఫొటోతో మళ్లీ వేయించాను. పోలీసులు బాపట్ల ఆస్పత్రిలోనూ, సూర్యలంక తీరం వెంబడీ వెతికారు. శవమూ దొరకలేదు, మనిషీ రాలేదు. ఎదురుపడినప్పుడల్లా ఆమె “ఏమన్నా తెలిసిందాండి?” అని అడిగేది. లేదని చెప్పలేక వాళ్ల వీధిలోకి వెళ్లడమే మానేశాను.

పదేళ్లు దాటాక, మొన్న వేసవిలో ఆమె తెనాలిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

“మరణ ధ్రువీకరణ పత్రానికి కోర్టులో కాయితం పెట్టాలంటండి. మీరు ముందు రాసిన పేపరుందా? నా దగ్గర రెండోదే ఉంది. మొదటిది అప్పుడే పొయ్యిలో పెట్టేశాను.”

పాత పేపర్ల కట్టలన్నీ విప్పి, వెతికి ఇచ్చాను. ఆమె ‘గల్లంతు’ అన్న అక్షరాల మీద వేలు పెట్టి, “ఇదేగదండీ” అంది.