జనవరిలో నెగ్గిన రేడియేటర్

యోగానంద్ గారు చారు వడ్డించుకున్నా ఒక భారీ యంత్రాన్ని కదిలిస్తున్నంత గాంభీర్యం కనబరుస్తారు. ఒహాయోలోని ఒక మంచు పట్టణంలో కూర్చుని, జాంబియా ఎండల్లో ప్యాసింజరు రైళ్ళను లాగే డీజిల్ ఇంజన్లను చల్లబరిచే రేడియేటర్ రూపొందించిన ఘనత ఆయనది. పరీక్ష జనవరిలో, గడ్డకట్టే చలిలో జరిగింది, ఇంజన్ వేడెక్కలేదు. నాటినుంచి, ఇంటికో వంటకం తెచ్చుకుని తెలుగువారు కలిసే ప్రతి పాట్‌లక్‌లోనూ ఆయన ఆ విజయాన్ని అన్నంతోపాటు వడ్డిస్తూనే ఉన్నారు. అమెరికాలో తాను మాత్రం రైలెక్కిన పాపాన పోలేదు.

పందొమ్మిదివందల ఎనభై నాలుగు ఉగాది పాట్‌లక్‌లో, జాంబియాలో టీచరుగా పనిచేసి వచ్చిన ప్రమోద గారు తారసపడ్డారు. ఆ రైలెక్కిన మనిషిని ఆయన చూడడం అదే మొదలు. పళ్ళెం పక్కన పెట్టి, తీర్పు వినబోయేవాడిలా నిలబడి అడిగారు: "మా ఇంజన్ ఎలా పెర్‌ఫార్మ్ చేసేదండీ?"

"అయ్యో, అది మీదా! ఎండ ముదిరితే చాలు, వేడెక్కి అడవిలో ఆగిపోయేదండీ. చల్లారేదాకా అందరం చెట్టుకింద కూర్చునేవాళ్ళం. అక్కడే పక్క బోగీలోంచి దిగిన డాక్టరుగారు పరిచయమయ్యారు. ఇదిగో, ఈయనే! అది టైముకి నడిచుంటే నాకీ పెళ్ళే లేదు."

చుట్టూ నవ్వులు. సత్యాన్ని ఎదుర్కొనే మార్గాలను తత్త్వవేత్తలు అనేకం చెప్పారు. యోగానంద్ గారు మరొకటి కనిపెట్టారు. మరుసటి పాట్‌లక్‌లో రేడియేటర్ ఊసే లేదు. ప్రమోద దంపతులను కొత్తవాళ్ళకు పరిచయం చేస్తూ, "ఈ సంబంధం కుదిర్చింది నేనేనండీ" అన్నారు, గాంభీర్యం ఏమాత్రం సడలకుండా.